రొయ్యకు పెప్టైడ్ మందు: ల్యాబ్‌లో గెలిచింది చెరువులో ఎందుకు తడబడుతోంది

రొయ్య రక్తంలో యాంటీబాడీలు ఉండవు. ఒకసారి వచ్చిన జబ్బును గుర్తుపెట్టుకుని, అదే జబ్బు మళ్లీ వస్తే గురిచూసి కొట్టే లింఫోసైట్ కణాలూ ఉండవు. కోళ్లకు, చేపలకు వేసే తరహా టీకా రొయ్యకు కుదరకపోవడానికి అసలు కారణం ఇదే. తెల్లమచ్చల జబ్బు తెచ్చే వైట్ స్పాట్ వైరస్ 1990ల మొదట్లో తూర్పు ఆసియాలో బయటపడింది. 1994-95 నాటికి మన తీరానికి చేరి టైగర్ రొయ్య చెరువులను ఊడ్చిపెట్టింది. ఇన్నేళ్లయినా చెరువులో ఆ వైరస్ పడ్డాక నయం చేసే మందు లేదు. 2009లో వనామి అనే విదేశీ రొయ్య వచ్చింది. రొయ్య మారింది, ఎకరానికి వేసే పిల్లల సంఖ్య పెరిగింది, జబ్బుల జాబితాలోకి ఎదుగుదలను ఆపే పరాన్నజీవి ఈహెచ్‌పీ వచ్చి చేరింది. మందు విషయంలో మాత్రం పెద్దగా ముందుకు కదిలింది లేదు.

యాంటీబయాటిక్స్ వాడదామంటే ఎగుమతి దగ్గర దొరికిపోతాం. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ అవశేషాలు కనబడ్డాయని యూరప్, అమెరికాల నుంచి కన్‌సైన్‌మెంట్లు వెనక్కి వచ్చిన అనుభవం ఆంధ్రా రొయ్యకు కొత్తేమీ కాదు. పైగా వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. ఇలా ఖాళీగా ఉన్న చోటులోకే ప్రోబయోటిక్స్ అనే మేలు చేసే బ్యాక్టీరియా, బీటా గ్లూకాన్, మూలికా సారాలు ఒకటొకటిగా వచ్చాయి. ఇప్పుడు వాటి వరసలో కృత్రిమ పెప్టైడ్లు నిలబడ్డాయి. పరిశోధన పత్రాల్లో వీటికి మంచి మార్కులే పడుతున్నాయి. అయితే ఆ మార్కులు ఏ పరీక్షలో వచ్చాయన్నది చూడకుండా చెరువు దగ్గర లెక్క వేస్తే చేతులు కాలతాయి.

పెప్టైడ్ అంటే అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. పదో, ఇరవయ్యో, నలభయ్యో ఉంటాయి. అంతకన్నా బాగా పొడవైతే ప్రోటీన్ అంటారు. కృత్రిమ పెప్టైడ్‌లో ఏ అమైనో ఆమ్లం తర్వాత ఏది రావాలో మనిషే నిర్ణయిస్తాడు. ఘనపదార్థం మీద ఒక్కో అమైనో ఆమ్లాన్నీ అతికిస్తూ పోయే పద్ధతిని 1963లో అమెరికా శాస్త్రవేత్త బ్రూస్ మెరిఫీల్డ్ ప్రకటించాడు. దానికే 1984లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఒక్క చోట అమైనో ఆమ్లం మార్చి, మిగతాదంతా అలాగే ఉంచి, ఆ మార్పుతో ఏం జరిగిందో చూడొచ్చు. పరిశోధకుడికి ఇంతకన్నా మంచి పనిముట్టు దొరకదు.

ఇక్కడే ఒక తేడా చెప్పుకోవాలి. చేప వ్యర్థాలనో సోయానో ఎంజైములతో కరిగించి తీసే హైడ్రోలైసేట్‌లోనూ పెప్టైడ్లుంటాయి. అందులో వేల రకాల ముక్కలు కలగాపులగంగా ఉంటాయి. మేతకు రుచీ వాసనా పట్టించడానికి, తేలిగ్గా అరగడానికి అది పనికొస్తుంది. మందుల షాపులో డబ్బా మీద పెప్టైడ్ అని కనిపించినంత మాత్రాన అది శాస్త్రవేత్తలు మాట్లాడే కృత్రిమ పెప్టైడ్ అయిపోదు. ఈ వ్యాసం ఆ కృత్రిమ పెప్టైడ్ల గురించే.

రొయ్య తనను తాను ఎలా కాపాడుకుంటుంది

రొయ్యకు యాంటీబాడీలు లేవంటే రక్షణే లేదని కాదు. నీటి చుక్క చుక్కలో బ్యాక్టీరియా ఉన్న చోట కోట్ల ఏళ్లుగా బతుకుతున్న జీవి అది. మొదటి అడ్డు పెంకు, ఆ తర్వాత గట్, అంటే జీర్ణనాళం లోపలి పొర. అవి దాటి లోపలికొస్తే రక్తకణాలు ఎదురవుతాయి. వీటిని హీమోసైట్లు అంటారు. రేణువులు లేనివి, కొద్దిగా ఉన్నవి, నిండుగా ఉన్నవి అని స్థూలంగా మూడు రకాలు. సూక్ష్మజీవిని మింగేయడం, పెద్దదైతే చుట్టుముట్టి బంధించడం, గాయం దగ్గర రక్తం గడ్డకట్టించడం వీటి పని.

పెంకు మీద గాయమైన చోట నల్లగా మచ్చ పడటం రైతులందరూ చూసే ఉంటారు. అది మెలనిన్. బ్యాక్టీరియా గోడలోని పదార్థాన్నో, శిలీంధ్రాల గోడలోని బీటా గ్లూకాన్‌నో రొయ్య రక్తంలోని ప్రోటీన్లు పసిగట్టగానే ఒకదాని తర్వాత ఒకటిగా ఎంజైములు మేల్కొంటాయి. చివర్లో ప్రోఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము చురుకై క్వినోన్లు, ఆపైన మెలనిన్ తయారవుతాయి. క్వినోన్లు సూక్ష్మజీవులకు విషం. రొయ్య సొంత కణాలకూ విషమే. అందుకే ఈ వరసను అదుపులో ఉంచే నిరోధక ప్రోటీన్లు కూడా రొయ్య రక్తంలో ఉంటాయి. ఈ సంగతి తర్వాత మళ్లీ అవసరమవుతుంది.

వీటన్నిటితోపాటు రొయ్య తనంతట తాను పెప్టైడ్ మందులు తయారు చేసుకుంటుంది. 1997లో ఫ్రాన్స్ పరిశోధకులు వనామి రక్తం నుంచి పెనెయిడిన్లు అనే కొత్త కుటుంబాన్ని వేరుచేశారు. దీని నిర్మాణం విచిత్రంగా ఉంటుంది. ముందు సగం ప్రోలిన్ అనే అమైనో ఆమ్లంతో నిండి వదులుగా ఉంటుంది. వెనక సగంలో ఆరు సిస్టీన్లు మూడు జంటలుగా ముడిపడి గట్టి ముద్దలా ఉంటుంది. కీటకాల్లో ఇలాంటి పెప్టైడ్లు ఎక్కువగా జబ్బు వచ్చాక కొవ్వు కణజాలంలో తయారవుతాయి. రొయ్యలో అలా కాదు. పెనెయిడిన్లు ముందే తయారై రేణువులున్న రక్తకణాల్లో నిల్వ ఉంటాయి. శత్రువు కనబడగానే కణం వాటిని బయటికి వదులుతుంది.

క్రస్టిన్లు, యాంటీ లైపోపాలిశాకరైడ్ ఫ్యాక్టర్లు మరో రెండు కుటుంబాలు. రెండోదాన్ని ఏఎల్ఎఫ్ అంటారు. మొదట హార్స్‌షూ క్రాబ్ అనే ప్రాచీన సముద్రజీవి రక్తంలో దొరికింది, తర్వాత టైగర్, వనామి సహా చాలా రొయ్యల్లో కనబడింది. కృత్రిమ పెప్టైడ్ల కథ చాలావరకు ఈ ఏఎల్ఎఫ్ చుట్టూనే తిరుగుతుంది.

ఉంగరంలోని ఇరవై అమైనో ఆమ్లాలు

ఏఎల్ఎఫ్ పూర్తి ప్రోటీన్‌లో అమైనో ఆమ్లాలు వందకు అటూ ఇటూ ఉంటాయి. వాటి మధ్యలో రెండు సిస్టీన్లు ఒకదాన్నొకటి పట్టుకుని ఒక ఉంగరం చేస్తాయి. విబ్రియో లాంటి బ్యాక్టీరియా పైపొరలో ఉండే లైపోపాలిశాకరైడ్‌కు అతుక్కునేది ముఖ్యంగా ఆ ఉంగరమే. అలాంటప్పుడు మొత్తం ప్రోటీన్ ఎందుకు, ఆ ఇరవై చిల్లర అమైనో ఆమ్లాలు చాలవా అన్నది పరిశోధకుల ఆలోచన. చైనాలోని చింగ్‌దావ్‌లో ఉన్న సముద్రశాస్త్ర సంస్థ పరిశోధకులు ఈ ముక్కనే విడిగా తయారు చేసి, అందులో ఒక్కో అమైనో ఆమ్లం మార్చి చూశారు. ధనావేశం ఉన్న అమైనో ఆమ్లాలు ఎన్ని, అవి ఎక్కడెక్కడ ఉన్నాయి, ఉంగరం నిలిచి ఉందా లేదా అన్నదాన్ని బట్టి చంపే శక్తి బాగా మారిపోయింది.

ధనావేశం ఎందుకంత ముఖ్యమంటే, బ్యాక్టీరియా పైపొర రుణావేశంతో ఉంటుంది. జంతు కణాల పైపొర బయటివైపు దాదాపు తటస్థం. అందువల్ల ధనావేశం నిండిన పెప్టైడ్ బ్యాక్టీరియా వైపే లాగబడుతుంది. అక్కడికి చేరాక తన నూనె స్వభావం ఉన్న వైపుతో పొరలోకి దూరి దాన్ని చీల్చేస్తుంది. యాంటీబయాటిక్‌లా ఒక్క ఎంజైమును పట్టుకుని ఆపడం కాదు కాబట్టి బ్యాక్టీరియాకు దీన్నుంచి తప్పించుకోవడం కష్టం. అసాధ్యమని మాత్రం అనకూడదు. పైపొర ఆవేశాన్ని మార్చుకుని, లేదా పెప్టైడ్‌ను ముక్కలు చేసే ఎంజైములు వదిలి తప్పించుకునే బ్యాక్టీరియాలు ఉన్నాయి. నిరోధకత రానే రాదు అని రాసే ప్రకటనలను ఆ మేరకు తగ్గించి చదువుకోవాలి.

రొయ్య విషయంలో ఆవేశాల లెక్కకు ఇంకో చిక్కు ఉంది. అదే ఉప్పు. ల్యాబ్‌లో పెప్టైడ్ శక్తిని తక్కువ ఉప్పున్న ద్రావణంలో కొలుస్తారు. ఉప్పు పెరిగితే సోడియం, మెగ్నీషియం, కాల్షియం అయాన్లు బ్యాక్టీరియా పొర మీదున్న రుణావేశాన్ని కప్పేస్తాయి; పెప్టైడ్‌కు పట్టు దొరకదు. ఆఫ్రికా కప్ప చర్మంలో 1987లో కనుగొన్న మాగైనిన్ ఇందుకు పాత ఉదాహరణ, ఉప్పులో దాని బలం తగ్గుతుంది. రొయ్య రక్తంలో ఉప్పు మన రక్తంలో కన్నా చాలా ఎక్కువ. భీమవరం వైపు బాగా తక్కువ ఉప్పున్న నీళ్లలో వనామి పెంచుతున్నారు కదా, అక్కడ ఈ ఇబ్బంది ఉండదేమో అనిపించొచ్చు. ఉంటుంది. నీళ్లలో ఉప్పు తగ్గినా వనామి తన రక్తంలో ఉప్పును బయటికన్నా ఎక్కువగా నిలబెట్టుకుంటుంది. సముద్రజీవుల నుంచి తీసుకున్న పెప్టైడ్ నమూనాలకు విలువ ఉన్నది ఇందుకే. హార్స్‌షూ క్రాబ్‌లోని టాకీప్లెసిన్ లాంటివి ఉప్పులో పుట్టి ఉప్పులో పనిచేసేవి. కప్ప నుంచో ఆవు నుంచో తీసిన పెప్టైడ్ గాజు పళ్లెంలో విబ్రియోను చంపిందంటే, ఆ పళ్లెంలో ఉప్పెంత అని అడగడమే మొదటి ప్రశ్న కావాలి.

వైరస్‌కు తలుపు మూయడం

బ్యాక్టీరియాను చంపడం ఒక ఎత్తు. వైరస్‌ను ఆపడం ఇంకో ఎత్తు, రైతుకు అసలు టెన్షన్ అక్కడే. వైట్ స్పాట్ మీద పెప్టైడ్లు రెండు దారుల్లో పనిచేసినట్టు ప్రయోగాలు చెబుతున్నాయి.

మొదటి దారి వైరస్‌నే పట్టుకోవడం. ఫ్రాన్స్ పరిశోధకులు 2004లో ఆల్చిప్ప జాతి జీవి మసెల్‌లోని మైటిలిన్ అనే పెప్టైడ్‌లో ఒక ముక్కను కృత్రిమంగా తయారు చేసి చూశారు. దాన్ని వైట్ స్పాట్ వైరస్‌తో కలిపి రొయ్యలకు ఎక్కిస్తే చావులు తగ్గాయి. థాయ్‌లాండ్‌లో టైగర్ రొయ్య ఏఎల్ఎఫ్ మూడో రకం మీద చేసిన పని కూడా ఈ దిశలోనే సాగింది. ఆ పెప్టైడ్ వైరస్ ప్రోటీన్లకే అతుక్కుంటుందని తేలింది. సంతోషించాల్సిన ఫలితాలే. కానీ మైటిలిన్ ప్రయోగం తీరు గమనించాలి. వైరస్‌నూ పెప్టైడ్‌నూ ముందే ఒకచోట కలిపేశారు. చెరువులో వైరస్ అలా ముందుగా వచ్చి పెప్టైడ్‌ను కలుసుకోదు. చచ్చిన రొయ్యను పీక్కుతినడం వల్లనో, పీతల వల్లనో, నీటి ద్వారానో లోపలికి వస్తుంది. అప్పటికి పెప్టైడ్ ఆ కణజాలంలో తగినంత ఉంటేనే ఫలితం.

రెండో దారి ఇంకా ఆసక్తికరం. వైరస్ కణంలోకి వెళ్లాలంటే కణం పైనున్న ఏదో ఒక ప్రోటీన్‌ను పట్టుకోవాలి. వైట్ స్పాట్ వైరస్ అలా పట్టుకునే వాటిలో బీటా ఇంటెగ్రిన్ ఒకటి అని 2007లో చైనా పరిశోధకులు చూపించారు. ఇంటెగ్రిన్‌కు అతుక్కునే మూడు అమైనో ఆమ్లాల వరస ఒకటుంది: ఆర్జినిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం. ఆ వరస ఉన్న చిన్న కృత్రిమ పెప్టైడ్ ముందే వెళ్లి ఇంటెగ్రిన్ మీద కూర్చుంటే వైరస్‌కు చోటు దొరకలేదు, ఇన్‌ఫెక్షన్ తగ్గింది.

అయితే ఇంటెగ్రిన్ వైరస్ కోసం పుట్టింది కాదు కదా. రొయ్య రక్తకణాలు ఒకదానికొకటి అతుక్కోవడానికి, శత్రువును చుట్టుముట్టడానికి వాడుకునే పట్టు అదే. స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయంలో క్రేఫిష్ మీద దశాబ్దాలుగా జరిగిన పరిశోధనలో, కణాలను అతికించే పెరాక్సినెక్టిన్ అనే ప్రోటీన్ ఇంటెగ్రిన్ ద్వారానే పనిచేస్తుందని తెలిసింది. అంటే వైరస్‌కు తలుపు మూసే పెప్టైడ్, మోతాదు మించితే సొంత సైనికుల చేతులు కూడా కట్టేయొచ్చు. వైరస్ పోయింది అనుకునేలోపు విబ్రియో లేచే ప్రమాదం కాగితం మీదైనా కొట్టిపారేయలేం. ఒకే జబ్బు మీద, కొద్దిరోజులపాటు, ల్యాబ్ తొట్టెలో చేసే పరీక్షలో ఇలాంటివి బయటపడవు.

జన్యువు లేచింది, మరి రొయ్య బతికిందా

మూడో రకం ప్రభావం సంకేతాల స్థాయిలో ఉంటుంది. డబ్బా మీద ఇమ్యూనిటీ పెంచుతుంది అని రాసేది ఎక్కువగా దీన్ని చూసే. పెప్టైడ్ సూక్ష్మజీవిని చంపడంతో సరిపెట్టకుండా రొయ్య కణాలకు కబురు కూడా పెడుతుంది. తైవాన్‌లో 2010లో వెలువడిన పనిలో పెనెయిడిన్ ముందు భాగం, అంటే ప్రోలిన్ నిండిన ముక్క, గాయం దగ్గరికి పెనెయిడిన్ నింపుకున్న రక్తకణాలను రప్పిస్తుందని కనిపించింది. రొయ్య సొంత పెప్టైడ్‌లో సగాన్నే తీసుకుని ఇలాంటి కబురు పంపొచ్చంటే కృత్రిమ పెప్టైడ్ల తయారీకి అది పెద్ద ఆసరా.

ఇంతవరకు బాగానే ఉంది. పరిశోధన పత్రాల్లో ఈ ప్రభావాన్ని కొలిచే తీరు దగ్గరే జాగ్రత్త అవసరం. రక్తకణాల సంఖ్య, ఫినాల్ ఆక్సిడేజ్ చురుకుదనం, కణాలు ఆక్సిజన్ విషాలు వదిలే వేగం, ఫలానా ఫలానా జన్యువులు ఎన్ని రెట్లు లేచాయి, ఇవీ మామూలు కొలతలు. ఇవన్నీ రొయ్య పెంకు మార్చే దశను బట్టి, నీటిలో ఉప్పును బట్టి, ఆక్సిజన్ తగ్గడాన్ని బట్టి, ఊరికే పట్టుకుని సూది గుచ్చినా సరే మారిపోతాయి. జన్యువు లేవడం అంటే రొయ్య బలపడిందనీ కావచ్చు, రొయ్య ఇబ్బందుల్లో ఉందనీ కావచ్చు. తేల్చేది ఒక్కటే: అసలు జబ్బును ఎక్కించి, పెప్టైడ్ ఇచ్చిన తొట్టెలో ఎన్ని బతికాయి, ఇవ్వని తొట్టెలో ఎన్ని బతికాయి అని లెక్కపెట్టడం. ఆ లెక్క లేని పత్రం ఎంత ముచ్చటగా ఉన్నా సగం పత్రమే.

రక్షణ వ్యవస్థను లేపడం ఎప్పుడూ మంచిదే అన్న నమ్మకం కూడా రొయ్యలో నిలవదు. వైట్ స్పాట్ వైరస్ కణంలోకి చేరగానే మొదట పనిచేయించుకునే జన్యువుల్లో ఐఈ1 ఒకటి. దాన్ని మేల్కొలిపే మీట దగ్గర రొయ్య సొంత ప్రోటీన్లు స్టాట్, ఎన్ఎఫ్ కప్పా బి అతుక్కునే గుర్తులున్నాయి. ఈ రెండూ రొయ్య రక్షణ వ్యవస్థ ప్రమాద ఘంటిక మోగించినప్పుడు చురుకయ్యేవే. అంటే రొయ్య అలారం మోగిస్తే, ఆ చప్పుడుకే వైరస్ కూడా నిద్రలేస్తోంది. లోపల అప్పటికే కొద్దిగా వైరస్ దాగి ఉన్న చెరువులో గుడ్డిగా ఉత్తేజకం వేయడం ఎటు తిరుగుతుందో ముందే చెప్పడం కష్టం.

ఖర్చు సంగతీ ఉంది. డబ్బు ఖర్చు కాదు, రొయ్య ఒంట్లోని శక్తి ఖర్చు. క్వినోన్లు సొంత కణాలకూ విషమని పైన చెప్పుకున్నాం. రోజూ ఆ వ్యవస్థను రెచ్చగొడితే రొయ్య అలసిపోతుంది. ఇది ఊహ కాదు. కొచ్చిన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2009లో మన దేశపు తెల్లరొయ్య మీద ఈస్ట్ గ్లూకాన్‌తో చేసిన ప్రయోగంలో, రోజూ పెట్టిన దానికన్నా వారానికి ఒకసారి 0.2 శాతం మోతాదులో పెట్టినప్పుడు వైట్ స్పాట్ నుంచి మెరుగైన రక్షణ దొరికింది. గ్లూకాన్ పెప్టైడ్ కాదు, నిజమే. కానీ లేపే వ్యవస్థ అదే. రోజూ మేతలో కలపండి అని చెప్పే ఏ ఉత్తేజక మందుకైనా ఈ ఫలితాన్ని ముందు పెట్టి, మధ్యలో విరామం ఇచ్చి చూశారా అని అడగడం న్యాయం.

మేత నుంచి గట్ దాకా

పత్రాల్లో బాగా పనిచేసిన పెప్టైడ్లలో చాలావాటిని ఇంజెక్షన్‌తో ఇచ్చారు. ఒక ఎకరం చెరువులో లక్షకు పైగా ఉండే వనామికి సూదులు వేసేవాళ్లు ఎవరూ లేరు. మేతలోనే ఇవ్వాలి. మేతలో ఇవ్వడం అనగానే కష్టాలు వరస కడతాయి.

రొయ్య చేపలా మేతను గుటుక్కున మింగదు. గుళికను కాళ్లతో పట్టుకుని కొరుక్కుంటూ తింటుంది. మేత తిన్నదీ లేనిదీ తెలుసుకునే చెక్ ట్రే ఎత్తి చూసేదాకా గంటో రెండు గంటలో గుళిక నీళ్లలో నానుతుంది. చిన్న పెప్టైడ్లు నీటిలో కరిగేవి. ఆ గంటలో ఎంత పెప్టైడ్ రొయ్య నోట్లోకి వెళ్లిందో, ఎంత చెరువు పాలైందో చెప్పడం కష్టం. మేత మీద పూసి బైండర్ పట్టించినా కొంతవరకే ఆగుతుంది. కంపెనీలోనే గుళికలో కలిపేద్దామంటే అక్కడి ఆవిరి, వేడి, ఒత్తిడి తట్టుకోవాలి. ఉంగరపు నిర్మాణం ఉన్నవి ఈ విషయంలో కొంత నయం.

గుళిక లోపలికి వెళ్లాక అసలు దెబ్బ తగులుతుంది. రైతులు లివర్ అని పిలిచే హెపాటోపాంక్రియాస్ నుంచి వచ్చే జీర్ణరసంలో ట్రిప్సిన్ దండిగా ఉంటుంది. ట్రిప్సిన్ గొలుసును ఎక్కడ కోస్తుందంటే, లైసిన్, ఆర్జినిన్ ఉన్న చోట. పెప్టైడ్‌కు ధనావేశం ఇచ్చేవి, అంటే దాని ఆయుధాలు, సరిగ్గా ఆ రెండే. బ్యాక్టీరియాను చంపడానికి ఎంత లైసిన్ పెంచితే ట్రిప్సిన్‌కు అంత మేత పెట్టినట్టవుతుంది. పెప్టైడ్ రూపకల్పనలో ఇంతకు మించిన పీటముడి లేదు.

విప్పే దారులు లేకపోలేదు. ప్రకృతిలో ఉండే అమైనో ఆమ్లాలకు బదులు వాటి అద్దంలోని ప్రతిబింబం లాంటి డి రూపాలు వాడితే ట్రిప్సిన్ వాటిని గుర్తుపట్టదు. కొసలను మూసేయడం, గొలుసును వలయంగా ముడివేయడం, కైటోసాన్ లేదా ఆల్జినేట్ పొరలో చుట్టడం లాంటివీ ప్రయత్నిస్తున్నారు. కైటోసాన్ రొయ్య పెంకు నుంచే వస్తుంది కాబట్టి ప్రాసెసింగ్ ప్లాంట్లు ఉన్న మన తీరానికి ముడిసరుకు కొరత లేదు. కానీ డి రూపాలు వాడితే ధర అమాంతం పెరుగుతుంది, పొరలో చుట్టితే పెప్టైడ్ ఎక్కడ విడుదలవుతుందో చూసుకోవాలి.

ధర ఎంత బరువో ఒక ఊహా లెక్కతో తెలుస్తుంది. చెరువులో 4 టన్నుల రొయ్య ఉందనుకుందాం. బరువులో 3 శాతం చొప్పున రోజుకు 120 కిలోల మేత. కిలో మేతకు 100 మిల్లీగ్రాముల పెప్టైడ్ చొప్పున కలిపితే రోజుకు 12 గ్రాములు, వారానికి 84 గ్రాములు. ల్యాబ్‌ల కోసం కృత్రిమ పెప్టైడ్లు తయారు చేసే సంస్థలు సరుకును మిల్లీగ్రాముల్లో అమ్ముతాయి, ధర కూడా మిల్లీగ్రాముకే చెబుతాయి. రొయ్య రేటు పడిపోయిన సీజన్‌లో కరెంటు బిల్లు, మేత బాకీ తీర్చడానికే సతమతమయ్యే రైతుకు ఈ లెక్క ఎక్కడా ఆనదు.

అందుకే చాలామంది గొలుసును యంత్రంతో అల్లడం వదిలి, పెప్టైడ్ జన్యువును ఈస్ట్‌లోనో బాసిలస్ బ్యాక్టీరియాలోనో పెట్టి వాటితోనే తయారు చేయించే దారి పట్టారు. అప్పుడు సరుకు చవకవుతుంది, ఈస్ట్ కణంలోనే ఉంచి మేతలో కలిపితే ట్రిప్సిన్ నుంచి కొంత రక్షణా దొరుకుతుంది. నెదర్లాండ్స్‌లో 2004 ప్రాంతంలో వైరస్ పైపొర ప్రోటీన్ వీపీ28ను బ్యాక్టీరియాలో తయారు చేయించి, ఆ చంపిన బ్యాక్టీరియాను మేతలో పెట్టినప్పుడు టైగర్ రొయ్యలకు వైట్ స్పాట్ నుంచి పాక్షిక రక్షణ వచ్చింది. యాంటీబాడీలు లేని జీవిలో అది ఎలా వచ్చిందన్న చర్చ ఇంకా నడుస్తూనే ఉంది. టీకా అని పిలవాలా వద్దా అన్నది పక్కన పెడితే, నోటి ద్వారా ఇచ్చిన ప్రోటీన్ రొయ్యలో వైరస్ మీద ఏదో ఒకటి చేయగలదని అది చూపించింది.

ఏ జబ్బుకు ఎంత ఆశ పెట్టుకోవచ్చు

అన్ని జబ్బులనూ ఒకే గాటన కట్టడం వల్లే పెప్టైడ్ల గురించి అతిగా ఆశపడటమో, పూర్తిగా కొట్టిపారేయడమో జరుగుతోంది.

గట్‌లో ఉండే విబ్రియో మీద ఆశ పెట్టుకోవడం సబబు. పిల్ల వేసిన మొదటి నెలలో చెరువులను ఖాళీ చేసే ఏహెచ్‌పీఎన్‌డీ జబ్బును తీసుకుంటే, విబ్రియో పారాహీమోలిటికస్‌లో కొన్ని రకాలు రొయ్య కడుపులో స్థిరపడి పిర్ ఎ, పిర్ బి అనే విషాలను వదులుతాయి. ఆ విషాలు లివర్ కణాలను ఊడగొడతాయి. ఇక్కడ పెప్టైడ్ రక్తంలోకి చేరాల్సిన పనిలేదు. శత్రువు కడుపులోనే ఉంది, కాకపోతే ట్రిప్సిన్ ఉన్న జీర్ణరసం అక్కడికీ చేరుతుంది. మేతతో వెళ్లే పెప్టైడ్‌కు ఇంతకన్నా అనుకూలమైన యుద్ధభూమి లేదు. ఒక అనుమానం మాత్రం తీర్చుకోవాలి: విబ్రియోను చంపే పెప్టైడ్ మంచి బ్యాక్టీరియాను వదులుతుందా? ఉదయం మేతలో ప్రోబయోటిక్, సాయంత్రం మేతలో పెప్టైడ్ వేస్తే ఒక డబ్బు ఇంకో డబ్బును తినేయొచ్చు.

వైట్ స్పాట్ దగ్గర ఆశ తక్కువ. వైరస్ రాకముందే, సరైన చోట, సరైన మోతాదులో పెప్టైడ్ ఉండాలి. మేత ద్వారా అది సాధించడం నేటికి గట్టి సవాలు. చావులు మొదలయ్యాక రొయ్య మేతే ముట్టదు కాబట్టి ఆ దశలో మేతలో వేసే ఏ మందుకూ అర్థం లేదు. ఈహెచ్‌పీ విషయంలో ఆశ ఇంకా తక్కువ. అది సూక్ష్మశిలీంధ్ర జాతి పరాన్నజీవి, లివర్ గొట్టాల కణాల లోపల కూర్చుని పెరుగుతుంది. పెప్టైడ్ పొరలను చీల్చాలంటే ముందు రొయ్య కణం పొర దాటాలి, ఆ పొరను చీల్చకుండా దాటాలి. దట్టమైన గోడ ఉన్న స్పోర్ల సంగతి సరేసరి. సైజు తేడా, ఎదుగుదల ఆగిపోవడం చూసి పెప్టైడ్ కొనే రైతు డబ్బు, పంటకూ పంటకూ మధ్య చెరువు అడుగును ఆరబెట్టి సున్నం వేయడానికీ, పిల్లను కొనే ముందు జబ్బు క్రిమి ఉందో లేదో చూసే పీసీఆర్ పరీక్ష చేయించడానికీ ఖర్చుపెడితే ఎక్కువ గిట్టుబాటవుతుంది.

రొయ్య పిల్లలను పుట్టించే హ్యాచరీల లెక్క వేరు. ఉప్పాడ తీరంలోనో భీమిలి వైపో ఉన్న హ్యాచరీ ట్యాంకులో లార్వా మొత్తం బరువు చెరువులోని రొయ్య బరువు ముందు ఏమీ కాదు, కాబట్టి గ్రాముల్లో మందు సరిపోతుంది. లార్వాకు సజీవ మేతగా వేసే ఆర్టీమియా అనే చిన్న జీవికి పెప్టైడ్ పట్టించి దాన్ని లార్వాకు తినిపించే వీలూ ఉంది. అక్కడ చీకట్లో మెరిసే విబ్రియో హార్వేయి పెద్ద శత్రువు, యాంటీబయాటిక్ మీద చెయ్యి వెళ్లేది కూడా ఎక్కువగా అక్కడే. తల్లి రొయ్యల సంగతి ఇంకా తేలిక. విదేశాల నుంచి చెన్నై క్వారంటైన్ మీదుగా వచ్చే ఒక్కో తల్లి రొయ్యకు పడే ఖర్చు చూస్తే, దానికి విడిగా సూది వేయడం కూడా పిచ్చి పని కాదు. కృత్రిమ పెప్టైడ్ నిజమైన అర్థంలో మొదట అడుగుపెట్టగల చోటు చెరువు కన్నా హ్యాచరీయే అనిపిస్తుంది.

పెప్టైడ్ అని రాసిన డబ్బా చేతికొచ్చినప్పుడు ఏజెంట్‌ను అడగదగ్గవి ఏమంత కష్టమైన ప్రశ్నలు కావు. ఏ పెప్టైడ్, కిలోలో ఎంత, జీర్ణరసం నుంచి దాన్ని ఏది కాపాడుతోంది, జబ్బు ఎక్కించి చూసిన పరీక్షలో ఎన్ని బతికాయి, ఆ పరీక్షలో మందు సూదితో ఇచ్చారా మేతతో ఇచ్చారా. తీరప్రాంత రొయ్యల సాగును నియంత్రించే కేంద్ర సంస్థ కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ ఇచ్చే నమోదు నంబరు చూపించి ఇది చాలదా అంటే, చాలదు. ఆ నమోదు ప్రధానంగా నిషేధిత యాంటీబయాటిక్స్ అందులో లేవని చెప్పడానికి. లోపలున్న పెప్టైడ్ రొయ్యలో పనిచేస్తుందని ఆ నంబరు ఎక్కడా హామీ ఇవ్వదు.